ప్లేటు మీద జోన్ వచ్చింది.. తాత వేసే తామర మందును సీసాల్లో పోసి అమ్మొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ములుగు దగ్గర ఒక చిన్న ఊరు. హనుమకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా తాత తామరకు మోదుగ గింజలు నిమ్మరసంలో నూరి పట్టు వేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. నా ప్రాజెక్టుకు ఆ గింజలనే తీసుకున్నాను. పొడి చేసి, సాక్స్‌లెట్‌లో మిథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ తీసి, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, ప్లేటులోని అగార్ జెల్లీకి చేసిన ఒక్కో వెల్‌లో (గుంటలో) 100 మైక్రోలీటర్లు పోశాను. స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మీద 18 మిల్లీమీటర్ల జోన్, అంటే క్రిములు పెరగని ఖాళీ వలయం వచ్చింది. ఈ.కోలి మీద ఏమీ రాలేదు. ఆ ప్లేటు ఫొటో ఇంట్లో చూపించినప్పటి నుంచి మా చిన్నాయన 'ల్యాబ్‌లో పరీక్షించిన మందు' అని లేబుల్ వేసి, నూనెలో కలిపి మేడారం జాతరలో సీసాలు అమ్ముదామంటున్నాడు. తాతకు ఇష్టం లేదు, కానీ కొడుకుకు గట్టిగా చెప్పలేడు. గైడ్ సార్ పేపర్ రాయమంటున్నారు. ఇది నిజంగా మందేనా? చిన్నాయనకు ఏం చెప్పాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయొద్దన్న విద్యార్థిని

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు చిన్నాయన సంగతి. ఆ సీసాలు వద్దని చెప్పు, ఇవాళే చెప్పు. ఎట్లా చెప్పాలో కింద రాస్తాను. అయితే ఎందుకు వద్దో ముందు నీకు బాగా తెలియాలి. అప్పుడే ఇంట్లో నీ మాట నిలబడుతుంది.

తాత మందు వేసేది తామరకు. నువ్వు పరీక్షించింది స్టాఫిలోకాకస్ మీద, ఈ.కోలి మీద. తామర బ్యాక్టీరియా వల్ల రాదు కదమ్మా, అది ఫంగస్. ట్రైకోఫైటాన్ లాంటి శిలీంధ్రాలు చర్మం పైపొరలో ఉండే కెరటిన్‌ను తింటూ గుండ్రంగా పాకుతాయి. సెగ్గడ్డలకు, చీము పట్టిన పుండ్లకు స్టాఫిలోకాకస్ కారణం. మూత్రంలో మంటకు, కొన్ని రకాల విరేచనాలకు ఈ.కోలి కారణం. తాత చెప్పిన రోగం ఒకటి, నువ్వు ప్లేటు మీద పెంచిన క్రిములు వేరు. కాబట్టి తాత మందు తామరకు పనిచేస్తుందని నీ ప్లేటు చెప్పలేదు, పనిచేయదనీ చెప్పలేదు. ఆ ప్రశ్న దాన్ని ఇంకా ఎవరూ అడగలేదు.

ఇది నీ ఒక్కదాని పొరపాటు కాదు. కాలేజీ ల్యాబుల్లో చేతికందే కల్చర్లు అవే. సాయంత్రం పోస్తే పొద్దున్నే పెరిగి ఉంటాయి. చర్మం మీది ఫంగస్‌కు సబురాడ్ అగార్ కావాలి, 28 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి, వారం పది రోజులు ఓపిక పట్టాలి. ప్రాజెక్టు గడువు దగ్గర పడుతుంటే ఎవరైనా తొందరగా పెరిగేదే పట్టుకుంటారు. ఔషధ మొక్కల మీద వచ్చే పేపర్లలో ఎన్నో ఇట్లాగే తయారవుతున్నాయి. ఊళ్లో ఒక రోగానికి వాడే మొక్కను తెచ్చి, ల్యాబ్‌లో ఉన్న రెండు మూడు బ్యాక్టీరియాల మీద పోసి, జోన్ కొలిచి, 'సంప్రదాయ వాడకం రుజువైంది' అని చివర్లో ఒక వాక్యం రాసేస్తారు. చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ మొక్కను నమ్ముకున్న పెద్దవాళ్లకూ అది న్యాయం కాదు, రోగికీ కాదు.

ఇక 18 మిల్లీమీటర్ల సంగతి చూద్దాం. అందులో వెల్ వెడల్పు కూడా కలిసే ఉంటుంది, మామూలుగా అది 6 మిల్లీమీటర్లు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణం 100 మైక్రోలీటర్లు పోశావు కాబట్టి ఒక్కో వెల్‌లో పడింది 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. పోల్చుకోవడానికి పక్కన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్ పెట్టి ఉంటావు. ఆ చిన్న కాగితం బిళ్లలో ఉండే మందు 10 మైక్రోగ్రాములు. ప్రామాణిక స్టాఫిలోకాకస్ స్ట్రెయిన్ మీద దానికి 19 నుంచి 27 మిల్లీమీటర్ల జోన్ రావాలి. నీ గింజల ఎక్స్‌ట్రాక్ట్ దానికి వెయ్యి రెట్లు పోస్తే 18 వచ్చింది. ఫొటోలో రెండు వలయాలూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. చిన్నాయన చూసింది ఆ ఫొటోనే. ఈ లెక్క ఆయనకు కనిపించదు.

గింజను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ముడి ఎక్స్‌ట్రాక్ట్‌లో పిండి, చక్కెర, నూనె, మాంసకృత్తులు అన్నీ ఉంటాయి, అసలు పనిచేసే పదార్థం ఏ కొంచెమో ఉంటుంది. పైగా జోన్ అనేది పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకగలదో కూడా చెబుతుంది. నూనె స్వభావం ఉన్నవి అగార్ నీటిలో పాకలేక వెల్ చుట్టూనే ఆగిపోతాయి. క్రిమిని బాగా చంపేదైనా జోన్ చిన్నగా రావచ్చు. ఈ.కోలి మీద ఏమీ రాలేదని నిరుత్సాహపడకు. దానికి బయట ఇంకో పొర రక్షణగా ఉంటుంది, మొక్కల సారాలు చాలావరకు దాన్ని దాటలేవు. ఆ ఫలితాన్ని దాచకుండా పేపర్లో రాయి.

జోన్ కొలిచి ఆగిపోకుండా ఎంఐసీ చెయ్యి. 96 గుంటల ప్లేటులో ఎక్స్‌ట్రాక్ట్‌ను సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, ఎంత తక్కువ మోతాదు దాకా క్రిమి పెరగకుండా ఆగిందో చూడడమే అది. ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కు మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువ వస్తే ఈ రంగంలో వాళ్లు లేచి కూర్చుంటారు. 1000 దాటితే పెద్దగా పట్టించుకోరు. ఒకే ఒక్క అంకె, కానీ నిజాయితీ గల అంకె.

నువ్వు రాయనిది ఒకటుంది. మిథనాల్ ఒక్కటే పోసిన వెల్ పెట్టావా? ఆరిన ఎక్స్‌ట్రాక్ట్‌ను డీఎంఎస్ఓ అనే సాల్వెంట్‌లో (ద్రావకంలో) కరిగించి ఉంటే, డీఎంఎస్ఓ ఒక్కటే పోసిన వెల్ ఏది?

దీని మీద ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ల్యాబ్‌లో నేరేడు గింజల ఎక్స్‌ట్రాక్ట్‌తో నాకూ 20 మిల్లీమీటర్ల జోన్ వచ్చింది. సంతోషం పట్టలేక డిపార్ట్‌మెంట్ అంతా చూపించాను. మా ల్యాబ్ అటెండర్, పెద్దాయన, ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న గిన్నె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "మేడమ్, ఇంకా స్పిరిట్ వాసన కొడుతోంది" అన్నాడు. గిన్నెను తూకం వేసి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ తూకం వేశాను. బరువు తగ్గింది. ఇంకోసారి ఆరబెట్టాను, ఇంకా తగ్గింది. బరువు కదలకుండా నిలబడే దాకా మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత పోస్తే జోన్ 11కు పడిపోయింది. మిగతా 9 మిల్లీమీటర్లు సాల్వెంట్ పుణ్యమే. అప్పటికే ఆ 20 అంకెను నా నోటితో పది మందికి చెప్పేశాను. ఆ పది మందినీ వెతుక్కుంటూ వెళ్లి తప్పని చెప్పాల్సి వచ్చింది. నీ గిన్నెను కూడా వరసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేదాకా ఆరబెట్టు.

ఇప్పుడు తాత దగ్గరికి వద్దాం. నన్ను అడిగితే నీ ప్రాజెక్టులో అసలు సరుకు అక్కడే ఉంది. ఆయన మిథనాల్ వాడడు, సాక్స్‌లెట్ ఎక్కించడు. పచ్చిగా, నిమ్మరసంలో, అప్పటికప్పుడు నూరుతాడు. నువ్వేమో 65 డిగ్రీల దగ్గర మరిగే మిథనాల్‌తో గంటల తరబడి తీశావు. రెండూ ఒకటే మందు అనుకోవడానికి వీల్లేదు. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్తకు ఇదే సమస్య వచ్చింది. మలేరియాకు వాడే ఒక మొక్క ఆమె ల్యాబ్‌లో ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిపెట్టిన చికిత్సను ఆమె మళ్లీ చదివింది. ఆ ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది తప్ప మరగబెట్టమని లేదు. వేడికి మందు చెడిపోతోందేమో అన్న ఆలోచనతో, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971లో ఆ సారం ఎలుకల మలేరియా మీద పూర్తిగా పనిచేసింది. దాన్నుంచి వచ్చిందే ఆర్టెమిసినిన్, 2015లో నోబెల్ తెచ్చిన మందు. నూరే పెద్దమనిషి చేతిని శ్రద్ధగా చూడమని నేను చెప్పేది అందుకే.

నిమ్మరసం సంగతి మర్చిపోవద్దు. దాని పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. అంత పులుపులో చాలా క్రిములు వాటంతటవే ఆగిపోతాయి. తామర మీద పనిచేస్తున్నది గింజా, నిమ్మకాయా? ఒక ప్లేటులో నిమ్మరసం ఒక్కటే పొయ్యి. ఒక దాంట్లో గింజను నీళ్లలో నూరి వడకట్టింది పొయ్యి. ఒక దాంట్లో తాత నూరినట్టే నూరింది. ఇంకో దాంట్లో అదే ముద్ద రసం పులుపును సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కు తెచ్చి పొయ్యి. అన్నీ 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి, లేకపోతే గింజతో వచ్చిన బూజే ప్లేటంతా కమ్మేస్తుంది. ఒక్కొక్కటి మూడేసిసార్లు. పోల్చడానికి జెంటామైసిన్ బదులు టెర్బినఫైన్, అది ఫంగస్ మందు. ఫంగస్ కల్చర్ కోసం దగ్గర్లోని మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగానికి గైడ్ సార్ సంతకంతో లెటర్ తీసుకుని వెళ్లండి. ఆ స్పోర్లు గాలిలో లేస్తాయి, సేఫ్టీ క్యాబినెట్ లేకుండా మూత తెరవొద్దు.

గింజల నూనెతో ఒక అంటురోగాన్ని ఎదుర్కొన్న కథ మన వైపే ఉంది, నీకు తెలుసో లేదో. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టింది. అప్పటికి ఆ రోగానికి చెప్పుకోదగ్గ మందు ఒక్కటే, చాల్‌మూగ్రా, హిడ్నోకార్పస్ చెట్ల గింజల నూనె. మన దేశంలో, చైనాలో తరతరాలుగా వాడుతున్నదే. కానీ తాగితే కడుపులో నిలిచేది కాదు, వాంతులయ్యేవి. సూదితో ఎక్కిస్తే చిక్కటి నూనె చర్మం కింద గడ్డలు కట్టి విపరీతమైన నొప్పి పెట్టేది. సరిగ్గా ఆ రోజుల్లోనే హవాయిలో ఆలిస్ బాల్ అనే అమ్మాయి, నీ వయసుదే, అప్పుడే కెమిస్ట్రీలో మాస్టర్స్ పూర్తి చేసింది, ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి శరీరంలో కలిసిపోయే ఇంజక్షన్‌గా తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. 1916లో 24 ఏళ్లకే చనిపోయింది. ఆమె పని కొన్నాళ్లు వేరేవాళ్ల పేరు మీద చెలామణీ అయింది. 1920ల్లో డిచ్‌పల్లిలోనూ హిడ్నోకార్పస్ నూనె చికిత్స జరిగింది. 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చాక ఆ నూనె పక్కకు తప్పుకుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి వాడే ఎండీటీని సిఫారసు చేసింది. ఇప్పుడు ఆ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

కుష్ఠు క్రిమిని ఈనాటికీ అగార్ ప్లేటు మీద ఎవరూ పెంచలేకపోయారు. ఆ నూనెకు ప్లేటు మీద జోన్ చూసే వీలే లేదు. అది ఎంతవరకు మంచిదో, ఎక్కడ పనికిరాదో రోగులను ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసినవాళ్లు తేల్చారు. ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లు ఇచ్చారు, ఎవరికి మచ్చ తగ్గింది, ఎవరికి తిరగబెట్టింది, ఇవన్నీ రాసుకుంటూ పోయారు. మీ తాత దగ్గరికి వచ్చేవాళ్ల గురించి అట్లాంటి నోటు పుస్తకం ఒక్కటీ లేదు కదా. తగ్గినవాళ్లు వచ్చి చెబుతారు. తగ్గనివాళ్లు ఇంకో చోటికి వెళ్లిపోతారు, వాళ్ల సంగతి తాతకు తెలియదు.

మోదుగ గింజ సాధువైన గింజ కూడా కాదు. దాంట్లో పాలసోనిన్ అనే పదార్థం ఉంటుంది. కడుపులో నులిపురుగులకు మందుగా ఆ గింజను వాడింది దాని వల్లేనంటారు. రసాయనపరంగా అది కాంథారిడిన్‌కు దగ్గరి చుట్టం. చర్మం మీద పాకితే బొబ్బలు లేపే పురుగులుంటాయి చూడు, వాటిలో ఉండే విషం కాంథారిడిన్. నిమ్మరసంలో నూరిన మోదుగ ముద్ద చర్మాన్ని ఎర్రగా మండిస్తుందని పాత వైద్యులకూ తెలుసు. తాత ఎంత ముద్ద పెట్టాలో, ఎప్పుడు కడిగేయాలో చేతి అలవాటుతో చూసుకుంటాడు. సీసా కొనుక్కుపోయిన మనిషి గజ్జల్లో రాసుకుని రాత్రంతా ఉంచుకుంటాడు. పిల్లల తలకు రాస్తాడు. సీసా మీద తాత చెయ్యి ఉండదు కదా.

అందుకని చిన్నాయనతో ఇట్లా మాట్లాడి చూడు. "చిన్నాయనా, తాత వేసేది నిమ్మరసంల నూరిన పట్టు. నేను ల్యాబ్‌ల పోసింది మిథనాల్ సారం. నువ్వు సీసాల పోస్తనంటున్నది నూనె. మూడూ వేరే. నీ నూనెను తాత ఎవ్వరికీ వెయ్యలే, నేను ఏ ప్లేటు మీద పొయ్యలే. దాని మీద ల్యాబ్ పేరెట్ల రాస్తవ్? ఎవరికన్న బొబ్బలు లేస్తే ముందుగాల తాతనే అడుగుతరు." ఆఖరి మాట గుచ్చుకుంటుంది, కానీ అది నిజం. చట్టం సంగతి కూడా చెప్పు. ఆయుర్వేద మందైనా సరే, అమ్మడానికి తయారుచేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్స్ ఉండాలి. మందు గురించి జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 1954 నాటి ఇంకో చట్టం కింద నేరం. ఆ ఫొటోను ఆయన ఫోన్లోంచి తీసేయించు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకముందే.

తాతను మందు మానేయమని నేను అనను, నువ్వూ అనొద్దు. ఆయన మాట వినే మనిషిలా ఉన్నాడు కాబట్టి కొన్ని సంగతులు చెప్పు. ఎవరైనా మచ్చ చూపించగానే కళ్లు మూసుకోమని చెప్పి దూది పోగుతో మచ్చ మీద తాకించమను. తాకినట్టు తెలియకపోతే అది తామర కాకపోవచ్చు, కుష్ఠు కావచ్చు, నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. చిన్న పిల్లలకు, ముఖం మీద, గజ్జల్లో, రసి కారే చోట పట్టు వేయొద్దు. ఇంకోటి, వచ్చినవాళ్లను ఇంతకుముందు ఏ ట్యూబు రాశారో అడగమను. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది, మానేయగానే రెట్టింపై బయటపడుతుంది. టెర్బినఫైన్‌కు లొంగని తామర కూడా మన దేశంలో పెరుగుతోంది. అట్లాంటివాళ్లకు తాత పట్టు చాలదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లమనాలి. ఇంట్లో అందరికీ ఉంటే అందరూ ఒకేసారి చూపించుకోవాలి, తువ్వాలు ఎవరిది వాళ్లదే.

పేపర్ విషయంలో తొందరపడొద్దు. డబ్బు కడితే వారంలో వేసేసే పత్రికల జోలికి పోవద్దు, గైడ్ సార్‌కు కూడా మర్యాదగానే చెప్పు. ఇప్పుడున్న ఫలితంతో రాయాల్సి వస్తే 'మోదుగ గింజల మిథనాల్ సారం స్టాఫిలోకాకస్ పెరుగుదలను ల్యాబ్‌లో ఆపింది' అనే వాక్యం దగ్గర ఆగిపో. తామర అన్న మాట ఫంగస్ మీద చేశాకే రావాలి. గింజలు ఏ చెట్టువి, ఏ నెలలో ఏరావు రాసి, కొమ్మ, ఆకు, కాయతో హెర్బేరియం షీటు (ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్క నమూనా) చేసి యూనివర్సిటీ బాటనీ విభాగంలో నంబరు వేయించు.

ఆ పేపర్లో తాత పద్ధతి రాయొచ్చా అని ఆయన్నే అడుగు. ఒప్పుకుంటే ఆయన పేరు ఎట్లా వేయాలో కూడా ఆయన్నే అడుగు. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉంటే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఆ వైద్యాన్ని ఎక్కించమని అడగొచ్చు. పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించగలిగింది మన దగ్గర పాత కాగితాల్లో ఆ సంగతి రాసి ఉండబట్టే.

ఈ ఆదివారం ఊరికి వెళ్లు. ఒక చిన్న డిజిటల్ తూకం పట్టుకుపో. మోదుగ కాయ చివర ఉండేది ఒకే ఒక్క గింజ కాబట్టి తాత ఒక పట్టుకు ఎన్ని కాయలు వలుస్తాడో లెక్కపెట్టు. ఎర్రటి పైపొర తీసేస్తాడా, దాంతోనే నూరుతాడా చూడు. నిమ్మకాయలు ఎన్ని, రసం ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు ఉంచి కడుగుతాడు, అన్నీ రాసుకో. ఆ లెక్కతోనే ప్లేట్లు పొయ్యి. నిమ్మరసం ఒక్కటే పోసిన ప్లేటులో ఏం వచ్చిందో చూసి నాకు మళ్లీ ఉత్తరం రాయి.